అసలు కోడి ఎవరిది?

కోడికీ సాయిబుకీ సంబంధం ఏమిటని అడిగితే ఎవరైనా కత్తి గురించే చెబుతారు. తెలంగాణ పల్లెల్లో చుట్టం వచ్చినా, పండగొచ్చినా కోడిని చంకన పెట్టుకుని ముల్లా గుమ్మం ముందు నిలబడటం హిందువులకూ అలవాటే. ఆయన అల్లా పేరు చెప్పి కోసిచ్చేవాడు. ఇదంతా నిజమే. కానీ కోయడం క్షణం పని, పెంచడం నెలల పని. ఆ నెలల చరిత్ర ఎక్కడుంది? పెంచింది ఆడవాళ్లు. అందులోనూ పేద తురకోళ్లు, దూదేకులోళ్లు. అందుకే నవాబుల చరిత్రలోనూ వాళ్లకు చోటు లేదు, తెలుగువారి చరిత్రలోనూ లేదు.

మా నానీకి రెండెకరాల మెట్ట, ఇంటి వెనక దొడ్డి, అయిదారు పెట్టలు ఉండేవి. ఫజర్ నమాజు కాగానే గూటికి అడ్డం పెట్టిన రాయి తీసేది. బయటికొచ్చే పిల్లల్ని లెక్కపెట్టేది. రాత్రి పిల్లో ముంగిసో వచ్చిందా లేదా అన్నది ఆ లెక్కలో తేలేది. పెద్దవాటికి తవుడు, పిల్లలకు నూకలు. చెత్త, పేడ నింపి బోర్లించిన కుండలో చెదలు పడితే పిల్లలకు అదే విందు. పెట్ట పొదుగుకొస్తే గంపలో ఊక పోసి పది పన్నెండు గుడ్లు పెట్టేది. వారం తర్వాత గుడ్డును లాంతరు ముందు పట్టి చూసేది. నెత్తురు దారాలు కనబడితే గంపలోకి, లేకపోతే పక్కకి. 21 రోజులకు పిల్లలు. ఇంట్లో మాతో ఉర్దూ, కోళ్లతో తెలుగు.

గుడ్ల డబ్బు మగవాళ్ల లెక్కలోకి రాదు. మా పలకలు, కిరసనాయిలు, జ్వరానికి మందు ఆ డబ్బులోంచే. పెట్ట లేనివాళ్లకు పెట్టను పాలుకి ఇచ్చేవాళ్లు. దిగిన పిల్లల్లో సగం పెంచినవాళ్లకి, సగం ఇచ్చినవాళ్లకి. మాదిగ ఇంటి పెట్ట మా దొడ్లో, మా పెట్ట చాకలి ఇంట్లో పెరిగేవి. అన్నం దగ్గర పాటించిన అంటు ఈ లెక్క దగ్గర లేదు.

కొక్కెర తెగులు వస్తే మాత్రం రెండు మూడు రోజుల్లో దొడ్డి ఖాళీ. పుస్తకాల్లో దీన్ని రాణిఖేత్ అంటారు. టీకా ఉంది. కానీ సీసాలో వంద కోళ్లకో రెండొందల కోళ్లకో సరిపడే మందు ఉంటుంది. చల్లగా ఉంచాలి, కలిపాక గంటల్లో వాడెయ్యాలి. అయిదు కోళ్లున్న ఆడమనిషి కోసం ఆ సీసా ఎవరు విప్పుతారు?

ఇక పేరు సంగతి. పల్నాటి యుద్ధానికి కోడిపందెం నాంది అయిందని చెప్పుకుంటున్నాం. అది 12వ శతాబ్దం మాట. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని పుంజు ఈకల రంగుకో తెలుగు పేరు ఉంది. ఆ పందెం కోడి జాతి పేరు మాత్రం అసీల్. అది అరబ్బీ మాట. మేలు జాతిది, కల్తీ లేనిది అని అర్థం. 'అసలు' అనే మాటా ఆ ధాతువు నుంచే వచ్చింది. 'మీరు అసలు ఎక్కడివాళ్లు?' అని మమ్మల్ని అడిగేవాళ్లు అడగడానికి వాడే మాట కూడా అరబ్బీదే! ఆ మాటను తెలుగు కాదని ఎవరూ తోలెయ్యలేదు. అసీల్ కోడిని పరాయిదని ఎవరూ అనలేదు. మనుషుల దగ్గరకొచ్చేసరికే ఈ లెక్క మారుతోంది.

1970ల నుంచి కోడి దొడ్డి దాటి షెడ్డులోకి వెళ్లింది. హేచరీలు వచ్చాయి. 1982లో గుడ్ల ధర కోసం నెక్ ఏర్పడింది. నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే, షెడ్డు కోడి 300 దాటింది. గుడ్డు చవకైంది, పేదల నోటికీ అందింది. అది మేలే. కానీ షెడ్డుకు భూమి కావాలి, బ్యాంకు అప్పు కావాలి. అవి ఉన్నవాళ్లే రైతులయ్యారు. మావాళ్లలో చాలామందికి మిగిలింది రోడ్డు పక్క చికెన్ కొట్టు. పెంచే చెయ్యి మరుగునపడి, కత్తి పట్టిన చెయ్యే లోకానికి కనబడింది.

కనబడిన చేతినే కొట్టడం తేలిక. 2022లో ఉగాది వేళ కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని కొన్ని హిందూ సంఘాలు పిలుపిచ్చాయి. ముల్లా గుమ్మం ముందు నిలబడిన తాతల మనవలకు ఇది కొత్త పాఠం.

దొడ్డి కోడి మాత్రం చావలేదు. 2019 పశుగణనలో దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. వాటి వెనక ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్లే ఉన్నారు. వాళ్లలో మా నానీలూ ఉన్నారు, మీ నాయనమ్మలూ ఉన్నారు. ఏ పెట్ట ఎవరింటి నుంచి పాలుకొచ్చిందో, ఏ తెగులుకు ఎన్ని పోయాయో వాళ్లకు గుర్తుంటుంది. వాళ్లున్నప్పుడే అడిగి రాసుకోవాలి. మేం ఈ ఊళ్లో ఎట్లా బతికామో చెప్పే కాగితాలు అవే.