ఖైరున్నీసా బేగము

హైదరాబాదు పాతనగరమున మీర్ ఆలం మండీని, మీర్ ఆలం చెరువును ఎఱుగనివారుండరు. ఆ దివాను బంధువర్గములోనిదే ఖైరున్నీసా బేగము. ఆమె చరిత్రమును మనవారు ప్రణయగాథగా చెప్పుకొందురు. ఆ గాథలో నెల్లప్పుడును దొరయే నాయకుడు. బేగము పక్షమున విచారించినవారు తక్కువ.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 మొదలు 1805 వఱకు నిజాము దర్బారున ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. 1798, 1800 సంవత్సరముల సంధులచే నిజామును కంపెనీకి కట్టుబడునట్లు చేసినవా డితడే. రెసిడెన్సీ మూసీకి ఉత్తరపు టొడ్డున. బేగము దక్షిణమున, ఘోషాలో. ఆమెకు మఱియొకరితో వివాహము నిశ్చయమై యుండెను. దాని నొల్లక తన్నే వరించెనని దొర తన యన్నకు వ్రాసెను. ఆమె మనసు మన కాతని కలము మీదుగా తెలియుచున్నదని చదువరులు మఱువరాదు. ఐనను అతడు షియా విధి ననుసరించి నికా చేసికొనెను. నికా లేక స్త్రీల నుంచుకొనిన దొర లా కాలమున నెందఱో!

1801లో గవర్నరు జనరలు వెల్లస్లీ దీనిపై విచారణ చేయించెను. మదరాసులో సాక్ష్య మిచ్చినవారు సైనికాధికారులు. కంపెనీ శంక తన రాజకీయమును గూర్చియే గాని బేగము క్షేమమును గూర్చి కాదు.

1801లో కుమారుడు, 1802లో కుమార్తె కలిగిరి. దేశీయస్త్రీలకు పుట్టినవారికి కంపెనీ యధికారోద్యోగములు లేవని 1791లోనే నిర్ణయమై యుండెను. బిడ్డలకు సీమచదువు చెప్పింప నెంచి 1805లో తండ్రి వారిని ఓడ యెక్కించెను. కుమార్తెకు మూడేండ్లు. ఆ యేటి అక్టోబరు 15న అతడు కలకత్తాలో మరణించెను. లండనులో బిడ్డలకు బాప్తిస్మ మిచ్చి, నూరున్నీసాకు కేథరిన్ అరోరా అని పేరు పెట్టిరి. తల్లి మరల వారిని చూడలేదు.

పిమ్మట కంపెనీ యుద్యోగి హెన్రీ రస్సెల్ ఆమెను చేరదీసి విడిచెను. వంశమునకు తలవంపులు తెచ్చినదని మీర్ ఆలం హైదరాబాదున అడుగుపెట్టనీయలేదు. మచిలీబందరున ప్రవాస మనుభవించి, మీర్ ఆలం గతించిన పిదపగాని స్వస్థలము చేరజాలదయ్యెను. 1813లో, ముప్పదియేండ్లయిన నిండకయే, చనిపోయెను. పరదేశి బిడ్డలను గొనిపోయెను. స్వజనులు తలుపు మూసిరి. ఇందేది యెక్కువ కఠినమో నేను చెప్పజాలను.

కేథరిన్ పెద్దదై, 1841 ప్రాంతమున, హైదరాబాదులోని యమ్మమ్మ షరఫున్నీసా జాడ తెలిసికొని ఉత్తరము వ్రాసెను. మనుమరాలు ఆంగ్లమున, అమ్మమ్మ పారసీకమున, కొన్నియేండ్లు వ్రాసికొనిరి. 1847లో షరఫున్నీసా కన్నుమూసెను. వా రిరువురు మరల ఒకరి మొగ మొకరు చూచికొనలేదు.