కాళికి నిలిపిన శిల

దిక్కులేని మరణమును కుక్కచావని యీసడించుట మన భాషకు అలవాటు. ఇంటి వాకిట పదేండ్లు కాపున్న మూగజీవము కన్నుమూసిననాడు దొడ్డిలో గోయి త్రవ్వి, ఉప్పు చల్లి, మన్ను కప్పి, ఎవరికంటను పడకుండ ఉత్తరీయపు కొంగుతో కన్నులొత్తుకొనెడు గృహస్థుడు సైతము మఱునాడు రచ్చబండ మీద ఆ మాటను నిస్సంకోచముగ వాడును. అయినను ఈ దక్షిణదేశముననే, వేయేండ్లకు పూర్వము, ఒక కుక్కచావునకై శాసనము చెక్కిరి.

కన్నడసీమలో మండ్య జిల్లాయందలి ఆతకూరున దొరకి, ఇపుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమునందున్న ఆ శిల శకవర్షము 872 నాటిది. రాష్ట్రకూట చక్రవర్తియైన మూడవ కృష్ణుడు తక్కోలము కడ చోళులతో తలపడిన యుద్ధమున, అతని బావయగు గంగరాజు బూతుగుడు చోళ యువరాజైన రాజాదిత్యుని వధించెనని అందు వ్రాసియున్నది. చరిత్రకారులు ఆ వాక్యములనే ఏరుకొని, తక్కినదానిని ముచ్చటగా చెప్పి విడిచిరి. నా మట్టుకు శిలకు ప్రాణము ఆ తక్కినదానియందే యున్నదని తోచును.

ఆ యుద్ధమున బూతుగుని కొలువులోని మనలేరుడను వీరుడు మెచ్చుకోలు పడసి, రాజు వరమడుగుమనగా, అతని వేటకుక్కయగు కాళిని కోరుకొనెను. పిదప కెళలెనాట బెళతూరికి పడమటనున్న గుట్టపై ఒక పెద్ద అడవిపందిపైకి కాళిని విడువగా, పందియు కుక్కయు ఒక్కతూరి కూలినవి. శాసనమున ఈ సంగతికి పట్టినది ఒక్క వాక్యమే; విలాపము లేదు, విశేషణముల వాన లేదు. శిలపై మాత్రము ఆ రెండు మృగములును ఒండొంటిని మార్కొని పోరాడుచున్నట్లు శిల్పి మలచినాడు. రాజాదిత్యుని చావునకు దొరకని బొమ్మ కాళి చావునకు దొరకినది.

కుక్కకు శిలపై చోటు దొరకుట అదియే మొదలు గాదు. అంతకు మూడు శతాబ్దములకు పూర్వమే తమిళదేశమున, చెంగము ప్రాంతపు ఎడత్తనూరులో, పశువుల దొంగలను కఱచి కాపున్న కోవివన్ అను కుక్కను వీరశిలపై చెక్కిరి. కాని అచట శిల యజమానునిది. కుక్క అతని ప్రక్కన నిలిచినది. ఆతకూరున శిల కుక్కదే. మహాప్రస్థానమున ధర్మరాజు విడువనన్న శునకము తుదకు ధర్ముడే యని తేలును గదా. తిక్కన కథను చదివిన ప్రతిసారియు, అది ఉత్త కుక్కయే యైనచో ఏమి పోయెనని నాకొక చిన్న అలుక. కాళి ఉత్త కుక్కయే.

ఆతకూరి చల్లేశ్వరుని గుడిముందు కాళి శిలను నాటి, దాని పూజకై పెద్దచెఱువు క్రింద రెండు ఖండుగల నేల నిచ్చిరి. దుఃఖమునకు మడిచెక్క వ్రాసియిచ్చుట మన పూర్వులకే చెల్లినది! అంతటితో నాగక, పూజచేయు గొరవడు ఆ శిలను అర్చింపక భుజించెనేని ఆ కుక్క చేసిన పాపము అతనికి తగులునని కట్టడి చేసిరి. కుక్క చేసిన పాపమెంతయో, దానిని తూచినవారెవరో! అయినను మనలేరుడు లోకమును బాగుగ నెఱిగినవాడే. తన శోకము తనతోనే పోవునని, పరుని ఆకలి మాత్రము దినదినము మేల్కొనునని తెలిసి, తన కాళి పేరును ఆ ఆకలికి కట్టివైచెను.

ఏ ఎండకాలపు మధ్యాహ్నముననో, దేవుని కైంకర్యము ముగించి విస్తరిముందు కూర్చుండబోయిన గొరవడు, చటుక్కున గుర్తువచ్చి, విసుగుకొనుచునే లేచి, కాలు కాలుచుండ గుడిముంగిట నడచి, ఆ పంది మీదను కుక్క మీదను చెంబెడు నీళ్లు పోసి, రెండు పూవులుంచి, అన్నము చల్లారకమునుపే వడివడిగా మరలివచ్చుట ఊహింపవచ్చును.