మలుగుపాము (అక్వేరియం పెంపకం)

మలుగుపాము పాము ఆకారంలో పొడవుగా ఉండే ఒక చేప. దీనిని పాముచేప అని, ఆంగ్ల పదాన్ని అనుసరించి ఈల్ అని కూడ అంటారు. ఇళ్ళలోని ఉప్పునీటి అక్వేరియంలలో పెంచే మలుగుపాములు ఎక్కువగా మురీనిడే కుటుంబానికి చెందిన మోరే జాతులు. ఈ కుటుంబంలో దాదాపు 200 జాతులు ఉన్నాయి. కొత్తగా తెచ్చిన మలుగుపాము రోజుల తరబడి, ఒక్కొక్కసారి వారాల తరబడి ఆహారం ముట్టకపోవడం వీటి పెంపకంలో తరచుగా ఎదురయ్యే సమస్య. కారణం గుర్తించి సరిదిద్దిన యెడల చాలావరకు ఇవి తిరిగి ఆహారం తీసుకుంటాయి. గుర్తించనప్పుడు నీరసించి మరణిస్తాయి. సముద్రతీరానికి సుమారు 400 కి.మీ. దూరంలో, వేసవిలో ఎండలు తీవ్రంగా ఉండే ధర్మపురి వంటి ఉత్తర తెలంగాణ పట్టణాలలో ఈ సమస్యకు కొన్ని ప్రత్యేక కారణాలు తోడవుతాయి.

పేర్లు, పోలికలు

తెలుగునాట పాము ఆకారంలో ఉన్న చేపలన్నింటినీ ఒకే గాటన కట్టడం పరిపాటి. వాస్తవానికి ఇవి వేరువేరు వర్గాలకు చెందినవి.

- మోరే జాతులు: సముద్రపు రాళ్ళ సందులలో నివసిస్తాయి. వీటికి పొలుసులు, రొమ్ము రెక్కలు ఉండవు. విశాఖపట్నం పేరు మీద జిమ్నోథొరాక్స్ విశాఖెన్సిస్ అని నామకరణం పొందిన జాతి ఈ కుటుంబంలోనిదే.
- నదీ మలుగుపాము: దీని శాస్త్రీయ నామం ఆంగ్విల్లా బెంగాలెన్సిస్. ఇది నదులలో పెరిగి, సముద్రంలో గుడ్లు పెడుతుంది.
- బొమ్మిడాయి: దీనిని తెలంగాణలో పాపెర అని కూడ అంటారు. ఇది ఆకారంలో మలుగుపామును పోలి ఉన్నను నిజమైన మలుగుపాము కాదు. దీని వీపు మీద చిన్న ముళ్ళు వరుసగా ఉంటాయి. ఇది మంచినీటి చేప. సముద్రపు నీటి సాంద్రత గల తొట్టిలో ఇది బ్రతుకజాలదు.

కావున చేపను తెచ్చుకొనుటకు ముందే అది ఏ నీటి చేపయో నిర్ధారించుకొనుట అవసరం. ఇందుకు మంచి ఉదాహరణ జిమ్నోథొరాక్స్ టైల్ అనే మోరే జాతి. బంగాళాఖాతపు నదీముఖాలలో దొరికే ఈ చేపను దుకాణాలలో "మంచినీటి మోరే" అని అమ్ముతుంటారు. ఇది కొంతకాలం మంచినీటిని ఓర్చుకొన్నను, క్రమంగా ఆహారం మానివేసి చిక్కిపోతుంది. ఉప్పు కలిసిన నీటికి మార్చినప్పుడే తిరిగి కోలుకొంటుంది.

గోదావరిలో మలుగుపాము

ధర్మపురి గోదావరి ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2016 నుండి జగిత్యాల జిల్లాలో ఉన్నది. నదికి ఆవలి ఒడ్డు పూర్వపు ఆదిలాబాదు జిల్లా. సముద్రంలో పుట్టిన ఆంగ్విల్లా బెంగాలెన్సిస్ పిల్లలు గాజువలె పారదర్శకంగా ఉండి, నదీముఖాలలో ప్రవేశించి ఎగువకు ఈదుతాయి. కొన్ని సంవత్సరాలు మంచినీటిలో పెరిగి, పెద్దవైన పిదప గుడ్లు పెట్టుటకు తిరిగి సముద్రానికి పోతాయి. అనగా గోదావరి సముద్రంలో కలిసే నీటిదారి వెంట అవి రావాలి, ఆ దారినే పోవాలి.

ఈ దారికి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మొదటి అడ్డు. తరువాతి కాలంలో ధర్మపురికి దిగువన ఎల్లంపల్లి వద్ద, 2019లో ప్రారంభమైన మేడిగడ్డ వద్ద బ్యారేజీలు నిర్మించబడినవి. ఇటువంటి అడ్డంకులు వలసచేపల రాకపోకలను దెబ్బతీస్తాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని ప్రమాదపు అంచునకు చేరువలో ఉన్నదిగా వర్గీకరించింది.

ఈ వర్గపు చేపలకు మరొక విశేషం కలదు. గుడ్లు పెట్టుటకు సముద్రానికి బయలుదేరే పెద్ద చేపలు పూర్తిగా ఆహారం మానివేస్తాయి. వాటి జీర్ణాశయం కుంచించుకుపోతుంది. నది నుండి పట్టి తెచ్చిన పెద్ద మలుగుపాము తొట్టిలో ఏమియు తినకపోవుటకు ఇది కారణం కావచ్చును. ఇది రోగం కాదు. అటువంటి దానిని బంధించి ఉంచుట కంటె, పట్టిన నదిలోనే విడిచిపెట్టుట ఉచితం.

శరీర నిర్మాణం, వేటాడే విధానం

మోరే జాతులకు చూపు మందం, వాసన పసిగట్టే శక్తి అధికం. మూతి చివర గొట్టాల వంటి ముక్కురంధ్రాలు ఉంటాయి. ఇవి పగలు బొరియలలో ఉండి, ఎక్కువగా చీకటి వేళ వేటాడుతాయి. నిరంతరం నోరు తెరచి మూస్తూ ఉండుట చూచి బెదిరిస్తున్నదని పలువురు భ్రమపడతారు. అది కేవలం మొప్పల గుండా నీటిని పంపే శ్వాసక్రియ.

చాలా చేపలు నోరు తెరచి నీటితోపాటు ఆహారాన్ని లోనికి పీల్చుకొంటాయి. మోరే జాతులు ఈ విధంగా పీల్చుకొనలేవు. వీటికి గొంతులో రెండవ దవడల జత ఉన్నది. ముందు దవడలతో ఆహారాన్ని పట్టుకొనగానే గొంతులోని దవడలు ముందుకు వచ్చి దానిని లోనికి లాగుకొంటాయి. ఈ విషయాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) శాస్త్రజ్ఞులు రీటా మెహతా, పీటర్ వైన్‌రైట్ 2007లో నేచర్ పత్రికలో ప్రకటించారు. స్నోఫ్లేక్ మోరే ఈ దవడల సహాయంతో నీటి వెలుపల, నేల మీద కూడ ఆహారం మ్రింగగలదని రీటా మెహతా, మరొక శాస్త్రజ్ఞుడు 2021లో తెలిపారు.

దీనిని బట్టి రెండు విషయాలు తెలుస్తాయి. నీటిలో చల్లే గుళికల వంటి ఆహారం వీటికి పనికిరాదు. ఆహారాన్ని వాసన తగిలేటట్లు మూతి దగ్గరకు చేర్చవలసి ఉంటుంది.

పెంపకానికి అనువైన జాతులు

- స్నోఫ్లేక్ మోరే (ఎకిడ్నా నెబ్యులోసా): తెలుపు మీద నల్లని మచ్చలు కలది. మొద్దుబారిన పళ్ళతో పీతలు, రొయ్యల పెంకులను నలిపి తింటుంది. ఆహారానికి త్వరగా అలవాటు పడే జాతులలో ఇది ముఖ్యమైనది.
- జీబ్రా మోరే (జిమ్నోమురీనా జీబ్రా): చారలు కలది. ముఖ్యంగా పీతల వంటి పెంకు జీవులను తింటుంది. సుమారు మీటరున్నర వరకు పెరుగగలదు.
- రిబ్బన్ ఈల్ (రైనోమురీనా క్వేసిటా): నీలం, పసుపు రంగులతో అందంగా ఉంటుంది. అయితే బందీగా ఉన్నప్పుడు ఆహారం ముట్టక మరణించుటకు ఇది పేరుపడినది. అనుభవం లేనివారు దీనిని తెచ్చుకొనరాదు.

ఆహారం మానుటకు కారణాలు

1. ప్రయాణపు బడలిక, కొత్త చోటు. మొదటి వారం రోజులు తినకపోవుట సాధారణం.
2. దాగుటకు తగిన బొరియ లేకపోవుట. శరీరమంతా దూర్చుకొనుటకు వీలులేని చేప నిరంతరం భయంతో ఉంటుంది.
3. తీవ్రమైన వెలుతురు, తొట్టి ముందు జనసంచారం.
4. తోటి చేపలు కొరుకుట లేదా ఆహారాన్ని ముందే లాగుకొనుట.
5. నీటిలో అమ్మోనియా, నైట్రైట్ చేరుట. ఈ రెండును సున్నా ఉండవలెను.
6. నీటి లవణీయత, ఉష్ణోగ్రతలలో మార్పు.
7. రోగ చికిత్సకై వాడిన రాగి మందులు. పొలుసులు లేని ఈ చేపలకు ఇవి ఎక్కువగా హాని చేస్తాయి.
8. అలవాటులేని ఆహారం.
9. ఇంతకుముందే కడుపునిండా తినియుండుట. పెద్ద చేపలకు వారానికి రెండు మూడు పర్యాయాల ఆహారం చాలును.

ఉత్తర తెలంగాణ పరిస్థితులలో నీటి నిర్వహణ

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ లెక్కన 200 లీటర్ల తొట్టికి సుమారు 7 కిలోల లవణం కావలెను. వంటకు వాడే ఉప్పు ఇందుకు పనికిరాదు. అది దాదాపు సోడియం క్లోరైడ్ మాత్రమే. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివి కూడ నిర్ణీత పాళ్ళలో ఉంటాయి. అందువలన అక్వేరియంల కొరకు తయారుచేసిన సముద్ర లవణాన్నే శుద్ధిచేసిన నీటిలో కలుపవలెను. కొళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించకుండ వాడరాదు.

ఈ ప్రాంతంలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. మోరే జాతులకు అనువైన నీటి ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీలు. నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండే ప్రాణవాయువు తగ్గుతుంది. మరొకవైపు నీరు ఆవిరి అవుతుంది కాని ఉప్పు ఆవిరి కాదు. 200 లీటర్ల తొట్టిలో 20 లీటర్లు ఆవిరి అయిన యెడల లవణం లీటరుకు 35 గ్రాముల నుండి సుమారు 39 గ్రాములకు పెరుగుతుంది. చూచుటకు నీరు నిర్మలంగానే ఉన్నను చేప ఆహారం మానివేస్తుంది. ఆవిరి అయిన మేరకు మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసిన యెడల లవణం మరింత పెరుగుతుంది. నీటి మీద పంకా అమర్చిన వారు ఆవిరి అధికమగునని గమనించి ప్రతిదినం నీటిమట్టం చూడవలెను. హైడ్రోమీటరుతో సాపేక్ష సాంద్రత 1.020 నుండి 1.025 మధ్య ఉన్నదో లేదో పరీక్షించవచ్చును. విద్యుత్తు నిలిచినప్పుడు గాలి అందించుటకు బ్యాటరీతో నడిచే పంపు ఉండుట మేలు.

కొత్త తొట్టిలో వ్యర్థాలను మార్చే సూక్ష్మజీవులు స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతకు ముందే చేపను వదలుట ఆహారం మానుటకు సాధారణ కారణం.

ఆహారం అలవాటు చేసే విధానం

మొదట నీటిని పరీక్షించి, లోపాలు ఉన్న యెడల సరిదిద్దవలెను. నీరు బాగులేనప్పుడు ఎన్ని రకాల ఆహారం మార్చినను ఫలితం ఉండదు. పైగా తినక మిగిలిన ఆహారం కుళ్ళి నీటిని మరింత చెడగొట్టును. తరువాత చేప దేహం కంటె కొంచెం వెడల్పైన ప్లాస్టిక్ గొట్టాలను రాళ్ళ నడుమ అమర్చి చీకటి బొరియ ఏర్పాటు చేయవలెను. మూడు నాలుగు రోజులు చేపను కదిలించకుండ ఉంచవలెను.

ఆ పిదప సంధ్యవేళ దీపాలు ఆర్పి, పెంకు తీయని రొయ్య ముక్కను పొడవైన పట్టకారుతో గాని, మొనలేని వెదురు పుల్లతో గాని బొరియ ముఖం వద్దకు చేర్చి మెల్లగా కదిలించవలెను. ముక్కురంధ్రాలకు వాసన తగిలిన తరువాత చేప తల బయటకు చాపుతుంది. అప్పుడు ఆహారాన్ని దాని మీదికి నెట్టక, అదే వచ్చి పట్టుకొనేవరకు వేచియుండవలెను. 15, 20 నిమిషాలలో ముట్టనిచో తీసివేసి, రెండు రోజుల తరువాత తిరిగి ప్రయత్నించవలెను.

చచ్చిన ఆహారాన్ని గుర్తించని చేపకు మొదట ప్రాణమున్న చిన్న రొయ్యలను ఇవ్వవచ్చును. గోదావరిలో దొరికే చిన్న రొయ్యలు ఇందుకు ఉపయోగపడతాయి. ఇవి ఉప్పునీటిలో ఎక్కువసేపు బ్రతుకవు కావున ఒకటి రెండు మాత్రమే వదిలి, మిగిలినవి తీసివేయవలెను. చేప వీటిని తినుట మొదలిడిన పిదప, అప్పుడే చచ్చిన రొయ్యను పుల్లతో కదిలించి, ఆ తరువాత గడ్డకట్టించి కరిగించిన రొయ్యను ఇచ్చి క్రమంగా అలవాటు చేస్తారు.

ఆహారాన్ని చేతితో అందించరాదు. చూపు మందమైన చేపకు వేలికి, రొయ్యకు తేడా తెలియదు. పళ్ళు లోనికి వంగి ఉండుట వలన, గొంతులోని దవడలు కూడ పట్టుకొనుట వలన గాయం తీవ్రంగా ఉంటుంది.

ఇవ్వదగినవి, ఇవ్వకూడనివి

పెంకుతో కూడిన రొయ్యలు, ఎండ్రికాయ ముక్కలు, సముద్రపు చేపల ముక్కలు, స్క్విడ్ ముక్కలు ఇవ్వదగినవి. ఒకే ఆహారాన్ని నెలల తరబడి ఇవ్వరాదు. కొన్ని చేపలలోను, రొయ్యలలోను థయామినేజ్ అనే పదార్థం ఉండి బి1 విటమిన్‌ను నశింపజేస్తుంది. అందువలన ఆహారాన్ని మార్చుతూ, అప్పుడప్పుడు విటమిన్ ద్రవంలో నానబెట్టి ఇస్తారు.

గోల్డ్‌ఫిష్ వంటి మంచినీటి చేపలను నిత్యాహారంగా ఇచ్చుట హానికరం. వరి పొలాలలో పట్టిన ఎండ్రికాయలలో పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చును, వాటిని వాడరాదు. ఉప్పు, పసుపు పట్టించినవి, వండినవి ఇవ్వరాదు.

ప్రమాద సూచనలు

ఆరోగ్యంగా ఉన్న మోరే కొన్ని వారాలు ఆహారం లేకుండ ఉండగలదు. కావున రోజుల సంఖ్య కంటె చేప స్థితిని గమనించుట ముఖ్యం. తల పెద్దదిగా, మెడ సన్నగిలినట్లుగా, వీపు గట్టువలె తేలినట్లుగా కనిపించుట చిక్కిపోవుటకు గుర్తు. పగటివేళ బొరియ విడిచి బయట పడియుండుట, వేగంగా శ్వాసించుట, తొట్టి పైకి ఎగబ్రాకుట నీటి దోషాన్ని సూచిస్తాయి. మలుగుపాములు సన్నని సందు గుండా కూడ బయటకు జారిపోతాయి కావున తొట్టి మూతను గట్టిగా బిగించవలెను. గొట్టంతో బలవంతంగా తినిపించుట వలన గొంతు గాయపడవచ్చును. అనుభవమున్న మత్స్యవైద్యుని సహాయం లేకుండ అటువంటి పని చేయరాదు.

చరిత్ర

మోరే జాతుల పెంపకం ప్రాచీన రోము నగర కాలం నాటిది. ధనికులు సముద్రతీరపు చెరువులలో వీటిని పెంచేవారు. డ్రూసస్ భార్య ఆంటోనియా తాను పెంచిన మోరేకు చెవిపోగులు అలంకరించినదని ప్లినీ వ్రాశాడు.

మలుగుపాముల ఆహారం ఆధునిక శాస్త్రానికి కూడ కఠినమైన ప్రశ్నగా నిలిచినది. జపాను శాస్త్రజ్ఞులు అక్కడి మలుగుపాము గుడ్లను ప్రయోగశాలలో పొదిగించిన తరువాత కూడ, పుట్టిన పిల్లలు ఏ ఆహారమూ ముట్టక మరణించేవి. చివరకు సొరచేప గుడ్లతో చేసిన మెత్తని ముద్దను అవి తిన్నవి. ఆ మార్గంలో సాగి 2010లో ఆ చేప జీవితచక్రాన్ని పూర్తిగా ప్రయోగశాలలోనే నడిపించగలిగారు.

చట్టపరమైన అంశాలు

తొట్టి అలంకరణకు, బొరియల ఏర్పాటుకు సహజ పగడాలను వాడరాదు. పగడపు దిబ్బలను నిర్మించే పగడాలు భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో రక్షణ పొందినవి. వీటిని సేకరించుట, అమ్ముట నేరం. సాధారణ రాళ్ళు, మట్టి కుండ పెంకులు, ప్లాస్టిక్ గొట్టాలు ఇందుకు చాలును. అక్వేరియంలో పెంచిన ఏ చేపనైనను, పెంచలేనప్పుడు గోదావరిలోగాని చెరువులలోగాని విడువరాదు. సముద్రపు మోరే మంచినీటిలో మరణిస్తుంది. ఇతర ప్రాంతపు చేపలు స్థానిక జాతులకు హాని కలిగించగలవు.