సీమ చేలకు కోళ్ల ఎరువు: ఒక కొత్త రాక కథ

కర్నూలు, కడప పల్లెల్లో నూరేళ్ల కిందట కోళ్లు లేవని కాదు. ఇంటికి నాలుగుండేవి. చేనికి తోలేంత పెంట మాత్రం వాటివల్ల వచ్చేది కాదు. మెట్ట చేను బలమంతా మూడింటి మీద నడిచింది: పశువుల దిబ్బ, జీవాల మంద, ఎండిన చెరువులో తవ్విన మట్టి.

మూడింటిలో మంద కట్టించడం నా దృష్టిలో చాలా తెలివైన పద్ధతి. పంట తీసిన చేలో రాత్రిళ్లు గొర్రెల్ని నిలిపి, కాపరికి గింజలో డబ్బులో ఇచ్చేవారు. మోత కూలి లేదు, పెంటతో పాటు మూత్రం కూడా నేలకే దక్కేది. పశువుల ఎరువు వంద కిలోల్లో నత్రజని అరకిలో ఉంటే, గొర్రెల ఎరువులో మూడు కిలోల దాకా ఉంటుంది. ఆ జీవాలు మేసిందీ ఆ ఊరి బీళ్లలోనే. ఊరి నేలలో పుట్టిన సత్తువ ఊరి నేలకే తిరిగొచ్చేది. బయటి నుంచి వచ్చి చేరేది చాలా తక్కువ, అందుకే పేరుకుపోయే భయమూ ఉండేది కాదు.

ఆ ఏర్పాటు ఎప్పుడూ నిండుగా సాగిందనుకోకూడదు. 1876–78 ధాత కరువులో మనుషులతో పాటు పశువులూ మందలకు మందలుగా పోయాయి. దేశమంతా తిరిగి 1893లో నివేదిక ప్రచురించిన ఆంగ్ల వ్యవసాయ రసాయనవేత్త వోల్కర్, కట్టెలు దొరకని చోట పేడ పొయ్యిలోకి పోతోందని, చేలకు ఎరువు అందకపోవడానికి అదో పెద్ద కారణమని రాశాడు. కె.సి. (కర్నూలు–కడప) కాలువ కింద రసాయన ఎరువులు తర్వాత బాగానే పాకాయి గాని, వాన మీద బతికే చేలు దిబ్బ ఎరువునే నమ్ముకున్నాయి.

దెబ్బ వేరే దారిలో వచ్చింది. 2000 తర్వాత జేజీ 11 రకంతో శనగ నల్లరేగడిని కమ్మేసింది. శనగ రైతుకు డబ్బు తెచ్చింది, ఆ మేలు కాదనను. కానీ జొన్న తగ్గితే చొప్ప తగ్గింది, చొప్ప లేక ఎద్దులు తగ్గాయి, వాటి చోటికి ట్రాక్టరు వచ్చింది. పెరట్లో దిబ్బ చిక్కిపోయింది. కడప వైపు బోర్ల కింద చీనీ, అరటి, బొప్పాయి తోటలు పెరిగి ఎరువు అవసరం బాగా పెరిగింది. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తేశాక డీఏపీ భారమైంది.

అప్పటికే కోళ్ల పరిశ్రమ ఎదిగింది. మన తెలుగువాడు బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టాడు, 1982లో గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది, ఆంధ్రప్రదేశ్ దేశంలో గుడ్లకు ముందువరుస రాష్ట్రమైంది. షెడ్ల కింద గుట్టలుపడ్డ పెంటకు తోటలే గిరాకీ.

ఇది పాత ఎరువులాంటిది కాదు. కోడి తిన్న మొక్కజొన్న, సోయా ఎక్కడో వేరే నేలలో పండినవి. గింజలోని భాస్వరంలో ఎక్కువ భాగాన్ని కోడి అరిగించుకోలేదు. అందుకని దాణాలో ఖనిజ భాస్వరం కూడా కలుపుతారు. మిగిలిందంతా రెట్టలోకే. గుడ్ల కోళ్లకైతే పెంకు కోసం సున్నపురాయి పెడతారు, అందులోనూ కొంత రెట్టలోకే పోతుంది. వ్యవసాయ పుస్తకాల లెక్కలో కోళ్ల ఎరువు వంద కిలోలకు నత్రజని 3 కిలోలు, భాస్వరం 2.6, పొటాష్ 1.4. పశువుల ఎరువులో భాస్వరం పావుకిలో మించదు.

మెట్ట వేరుశనగ సంగతి చూడండి. హెక్టారుకు 40 కిలోల భాస్వరం చాలు, అంటే ఎకరాకు 16. ట్రక్కుకు మూడు టన్నులనుకుని ఎకరాకు ఒక్క ట్రక్కు తోలినా 78 కిలోలు పడుతుంది. ఒక్క ఏటిలోనే దాదాపు ఐదింతలు. నత్రజనిలో కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది, భాస్వరం చాలావరకు నేలలోనే ఉండిపోతుంది.

ఏళ్ల తరబడి ఇలా వేస్తే ఏమవుతుందో అమెరికాలో చూశారు. అలబామాలోని సాండ్ మౌంటెన్ ప్రాంతంలో 15 నుంచి 28 ఏళ్లు కోళ్ల ఎరువు పడ్డ పచ్చిక నేలల్ని పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించారు. సేంద్రియ కార్బనం పెరిగింది, ఉదజని సూచిక పెరిగింది. భాస్వరం, రాగి, జింకు పేరుకున్నాయి. నైట్రేట్ మూడు మీటర్ల లోతు దాకా దిగింది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1852 నుంచి 1871 వరకే పశువుల ఎరువు వేసి ఆపిన మడి నూరేళ్ల తర్వాత కూడా పక్కమడి కంటే బాగా పండింది. నేల అంత కాలం గుర్తుపెట్టుకుంటుంది, మేలునైనా కీడునైనా.

సీమలో ఫలితం ఒక్కతీరుగా ఉండదు. కడప ఎర్రనేలలు తేలిక, సేంద్రియం తక్కువ, కొన్నిచోట్ల కొంచెం ఆమ్లం. కోళ్ల ఎరువులోని సున్నం అక్కడ పనికొస్తుంది, వేరుశనగ కాయ నిండడానికి కావలసిందీ అదే. కర్నూలు, నంద్యాల నల్లరేగడిలో సున్నం ముందే ఎక్కువ. వేసిన భాస్వరాన్ని ఆ సున్నం పట్టేస్తుంది. కర్నూలు మెట్ట చేలల్లో జింకు, బోరాన్, గంధకం లోటు విస్తారంగా ఉందని ఇక్రిశాట్ పరీక్షలు తేల్చాయి. భాస్వరం అతిగా ఉన్న నేలలో మొక్క ఉన్న జింకును కూడా సరిగా అందుకోలేదు. పైగా వాన తక్కువ, కోళ్ల ఎరువులోని ఉప్పు కడుక్కుపోదు. ఉప్పునీటి బోర్ల కింద తోటలకు ఇది మరీ ప్రమాదం.

అందుకే అనంతపురంలో 1985లో మొదలైన దీర్ఘకాల వేరుశనగ ప్రయోగం నాకు విలువైనదిగా కనిపిస్తుంది. సిఫారసు చేసిన ఎరువులో సగానికి హెక్టారుకు నాలుగు టన్నుల వేరుశనగ పొట్టు గాని, పశువుల ఎరువు గాని కలిపి ఏటా వేశారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఉత్త రసాయన ఎరువు మడి కంటే ఆ మడుల్లో కార్బనం మెరుగ్గా నిలిచింది. కోళ్ల పెంటకూ ఇదే దారి తగినది. పొట్టు, చెత్త కలిపి తడిపి కుప్పగా మాగనిస్తే వేడి చల్లారి నత్రజని కొంత నిలుస్తుంది.

2015లో మొదలైన భూసార కార్డులో పన్నెండు అంకెలుంటాయి. కోళ్ల ఎరువు తోలించే రైతు వాటిలో భాస్వరం, లవణ సూచిక, జింకు ముందు చూడాలి. భాస్వరం ఎక్కువని తేలిన చేనికి రెండు మూడేళ్లు ఆ ఎరువు ఆపవచ్చు, డీఏపీ కూడా మానవచ్చు. ఆ ట్రక్కును ఎన్నడూ ఎరువు ముఖం చూడని ఎర్రనేల మెట్టకు తోలిస్తే, ఎకరాకు అరటన్ను పైచిలుకుతోనే వేరుశనగ భాస్వరం అవసరం తీరుతుంది.