పోగు తెగితే మగ్గం ఆగాలి

మా ఆఫీసులో రోజూ పొద్దున పదింటికి పదిహేను నిమిషాల మీటింగు ఒకటి ఉంటుంది. స్క్రీన్ మీద మూడు నిలువు వరుసలు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఎవరి కార్డు ఎక్కడుందో చెప్పి, వీలైతే దాన్ని ఒక గడి కుడివైపుకి జరిపి, ఎవరి పనిలో వాళ్ళం పడతాం. దీన్ని కాన్‌బాన్ బోర్డు అంటాం. పన్నెండేళ్ళ ఉద్యోగంలో కంపెనీలు మారాను, టీములు మారాను, ఈ బోర్డు మాత్రం మారలేదు. అది జపనీస్ మాటని, టొయోటా ఫ్యాక్టరీలోంచి వచ్చిందని ట్రైనింగులో ఒక స్లైడులో చెప్తారు. అంతకుమించి వాళ్ళు చెప్పరు, మేమూ అడగం.

మన దగ్గర టొయోటా అంటే ఇన్నోవా. 2000లో క్వాలిస్ వచ్చింది, 2005లో దాని చోటు ఇన్నోవా తీసుకుంది. తిరుపతి ట్రిప్పుకైనా, పెళ్ళివారికైనా, నాయకుల కాన్వాయ్‌కైనా అదే బండి. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినా ఇంజను విప్పలేదు సార్ అని గర్వంగా చెప్పే డ్రైవరు ప్రతి ట్రావెల్స్‌లోనూ ఒకరుంటారు. దారిలో ఆగిపోని బండి అన్నది దానికున్న పేరు. ఆ కంపెనీ చరిత్ర చదువుతూ పోతే నాకు అర్థమైంది వేరు. ఆ పేరు ఎక్కడ ఆగాలో నేర్చుకోవడం వల్ల వచ్చింది. ఆగాల్సిన చోట ఆగనప్పుడల్లా ఆ పేరుకి దెబ్బ తగిలింది.

కథ కారుతో కాదు, మగ్గంతో మొదలవుతుంది. సకిచి టొయోడా 1867లో, ఇప్పటి షిజుఓకా ప్రాంతంలో, ఒక వడ్రంగి కొడుకుగా పుట్టాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇంటి మగ్గాల మీద నేసేవాళ్ళు. ఆ చాకిరీ చూస్తూ పెరిగినవాడు 1891లో చెక్క మగ్గానికి మొదటి పేటెంటు సంపాదించాడు. 1896కల్లా ఆవిరితో నడిచే మరమగ్గం తయారుచేశాడు. దానికి అతను పెట్టిన ఏర్పాటొకటి మన కథకి ముఖ్యం. పేక పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది.

మగ్గం దగ్గర కూర్చున్నవాళ్ళకి దీని విలువ చెప్పక్కర్లేదు. తెగిన పోగుని చూసుకోకుండా నేస్తూ పోతే గుడ్డ పెరుగుతూనే ఉంటుంది, కానీ అది పనికిరాని గుడ్డ. చేతిమగ్గమైతే నేతగాడి కన్ను దాన్ని పట్టుకుంటుంది. మరమగ్గానికి కన్ను లేదు. అందుకే ఒక్కో యంత్రానికి ఒక్కో మనిషి కాపలా ఉండాల్సి వచ్చేది. సకిచి మగ్గం తన తప్పు తనే గమనించి ఆగడంతో ఆ కాపలా తప్పింది, ఒక్క మనిషి పదుల మగ్గాలను చూసుకోగలిగాడు. 1924లో వచ్చిన జీ రకం మగ్గం, పరిగెడుతూనే నాడెను కూడా మార్చుకునేది. దాన్ని తయారుచేయడానికి 1926లో టొయోడా ఆటోమేటిక్ లూమ్ వర్క్స్ పెట్టారు. 1929లో ఇంగ్లండుకి చెందిన ప్లాట్ బ్రదర్స్ దాని హక్కులు లక్ష పౌండ్లకు కొనడానికి ఒప్పుకుంది. యంత్రాల నేతకి పుట్టినిల్లైన దేశం జపాన్ మగ్గాన్ని కొనుక్కుంది!

సకిచి కొడుకు కిఇచిరోకి కార్ల పిచ్చి. 1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం తెరిచాడు. 1935లో జీ1 ట్రక్కు, మరుసటేడు ఏఏ కారు, 1937లో ప్రత్యేక కంపెనీ. 1936లో కొత్త గుర్తు కోసం ప్రజల్లో పోటీ పెట్టి, టొయోడాని టొయోటా చేసుకున్నారు. జపాన్ లిపిలో ఆ మాటకి ఎనిమిది గీతలు, ఎనిమిది వాళ్ళకి కలిసొచ్చే అంకె. అంకె కలిసొచ్చినా ట్రక్కు కలిసిరాలేదు. జీ1 ట్రక్కులు దారిపొడుగునా మొరాయించేవి. కంపెనీ మనుషులు వాటి వెనకాలే వెళ్ళి బాగుచేసేవాళ్ళు. ఈ రోజున మనం చేతులెత్తి దణ్ణం పెట్టే నమ్మకానికి మొదటి మెట్టు ఇదీ.

యుద్ధం తర్వాత పరిస్థితి ఇంకా దిగజారింది. 1949లో ప్రభుత్వం ద్రవ్యోల్బణం తగ్గించడానికి బిగించిన పొదుపు చర్యలతో ట్రక్కులు కొనేవాళ్ళు లేకుండాపోయారు. 1950లో టొయోటా దివాలా అంచుకి చేరింది. బ్యాంకులు అప్పిచ్చాయి కానీ మనుషుల్ని తగ్గించమన్నాయి. ఎవర్నీ తీసేయనని మాటిచ్చిన కిఇచిరో ఆ మాట నిలుపుకోలేకపోయాడు. నెలల తరబడి సమ్మె జరిగింది, చివరికి రెండు వేలమందికి పైగా బయటికి వెళ్ళారు. ఆ జూన్‌లో కిఇచిరో కూడా బాధ్యత తీసుకుని రాజీనామా చేశాడు. అదే నెల 25న కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం నాలుగు వేలకు పైగా ట్రక్కులకు ఆర్డరిచ్చింది, కంపెనీ బతికింది. కిఇచిరో మాత్రం ఆ వెలుగు పూర్తిగా చూడకుండా 1952లో చనిపోయాడు.

ఆర్డర్లు పెరిగినా మనుషుల్ని పెంచడానికి కంపెనీ భయపడింది. చేతిలో డబ్బు లేదు, గోదాముల్లో సరుకు నింపే స్తోమతా లేదు. మనం పాఠాలుగా చదువుకునే టొయోటా పద్ధతి ఈ పేదరికంలోంచి పుట్టిందే. దానికి రూపమిచ్చిన తైఇచి ఓనో, కార్లకి రాకముందు టొయోడావాళ్ళ నేత మిల్లులో పనిచేసినవాడు. ఆగే మగ్గం సంగతి అతనికి బాగా తెలుసు. ముందు గదిలో వాడినంతే వెనక గదిలో తయారవ్వాలని, ఆ కబురు చేరేయడానికి పెట్టెలతోపాటు ఒక చీటీ తిరగాలని ఏర్పాటు చేశాడు. ఆ చీటీయే కాన్‌బాన్. అమెరికా సూపర్ మార్కెట్లలో అరల్లోంచి తీసినంతే మళ్ళీ నింపడం అతనికి ఆదర్శం.

ఇది సగమే. రెండో సగం పేరు జిదోకా. జపనీస్‌లో ఆటోమేషన్‌కి రాసే మాటలో, 'కదలడం' అనే అక్షరం పక్కన 'మనిషి' గుర్తు చేర్చి టొయోటావాళ్ళు రాసుకున్న మాట అది. మనిషి బుద్ధి కలిసిన యంత్రమని అర్థం చెప్పుకోవచ్చు. మగ్గం చేసిన పని మనిషి కూడా చేయగలగాలి అన్నాడు ఓనో. అసెంబ్లీ లైను పొడుగునా తాడు వేలాడుతుంది. బోల్టు సరిగ్గా కూర్చోలేదనో, భాగం తేడాగా ఉందనో ఎవరికి అనిపించినా లాగొచ్చు. పైన ఆందోన్ అనే దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. కారు ఆ చోటు దాటేలోపు సమస్య తీరిందా సరే, లేదంటే లైను ఆగిపోతుంది. ఎందుకు ఆపావని తిట్టరు, ఏమైందని అడుగుతారు.

దీని ఫలితం ఒక్కరోజులో రాలేదు. 1957లో క్రౌన్ కారుని అమెరికాకి పంపితే, అక్కడి హైవేల వేగానికి తట్టుకోలేక రొప్పింది. 1960లో కార్ల ఎగుమతే ఆపేశారు. వెనక్కి వచ్చి సరిచేసుకుని మళ్ళీ వెళ్ళారు. 1965లో డెమింగ్ ప్రైజు, 1966లో కరోలా. 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, జనరల్ మోటార్స్ మూసేసిన ప్లాంటుని ఆ కంపెనీతో కలిసి నుమ్మీ పేరుతో తెరిచారు. ఏం జరిగినా లైను ఆగకూడదన్నది అక్కడి పాత నియమం. తప్పుగా బిగించిన కార్లు కూడా చివరిదాకా వెళ్ళేవి. పాత కార్మికుల్లో చాలామందినే మళ్ళీ తీసుకుని, చేతికి తాడిచ్చారు. చెత్త ప్లాంటని పేరుపడ్డ ఆ చోటు రెండేళ్ళు తిరక్కుండా అమెరికాలో మంచి ప్లాంట్ల సరసన చేరింది. మనుషులు వాళ్ళే, మారింది వాళ్ళకి దొరికిన అనుమతి. 1989లో లెక్సస్ విడుదలైన కొద్ది నెలలకే, ఒకటి రెండు ఫిర్యాదులు రాగానే, అమ్మిన దాదాపు ఎనిమిది వేల కార్లనూ వెనక్కి పిలిచారు. ఇళ్ళకి మనిషిని పంపి కారు తీసుకెళ్ళి, బాగుచేసి తెచ్చిచ్చారు. పరువు పోవాల్సిన రీకాల్ పరువు తెచ్చింది.

ఇక్కడితో ఆపితే ఇదొక మేనేజ్‌మెంట్ పుస్తకం అవుతుంది. సతోషి కమాటా అనే జర్నలిస్టు 1972లో ఆరు నెలలు టొయోటాలో తాత్కాలిక కార్మికుడిగా చేరి, గేర్‌బాక్సులు బిగించాడు. 1973లో అతను తెచ్చిన పుస్తకం ఆ లైనుని నిరాశా ఫ్యాక్టరీ అని పిలిచింది. ఏ కదలికకి ఎన్ని సెకన్లో లెక్కగట్టిన పని, దొరికిన ప్రతి ఖాళీనీ మళ్ళీ పనితో నింపే పద్ధతి, ఒంట్లో ఓపిక లేకుండా హాస్టలు చేరే కుర్రాళ్ళు. 2002లో క్వాలిటీ తనిఖీ చేసే ముప్ఫై ఏళ్ళ ఉద్యోగి ఒకరు ప్లాంటులోనే తెల్లవారుజామున కుప్పకూలి చనిపోయారు. చివరి నెలలో ఆయన ఓవర్‌టైమ్ వంద గంటలు దాటింది. ఆ క్వాలిటీ సర్కిళ్ళ పని స్వచ్ఛందం కాదని, అదీ ఉద్యోగమేనని 2007లో నగోయా కోర్టు తేల్చింది. కారులో లోపం కనబడితే లాగడానికి తాడుంది. నేను అలిసిపోయాను అని చెప్పడానికి ఏ తాడుందో ఆ లైనులో నాకు కనబడలేదు.

2008లో టొయోటా అమ్మకాల్లో జనరల్ మోటార్స్‌ని దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. మరుసటేడే కార్లు వాటంతటవే వేగం అందుకుంటున్నాయన్న గొడవ పెద్దదైంది. ఫ్లోర్ మ్యాట్ కింద ఇరుక్కునే పెడల్, నొక్కితే వెనక్కిరాని పెడల్, లక్షల్లో రీకాళ్ళు. 2010 ఫిబ్రవరిలో సకిచి మునిమనవడు అకియో టొయోడా అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, మేము మరీ వేగంగా పెరిగామని ఒప్పుకున్నాడు. ఎలక్ట్రానిక్స్‌ది తప్పని చెప్పే ఆధారం దొరకలేదని 2011లో నాసా నివేదిక చెప్పింది. అయితే 2013లో ఓక్లహోమా జ్యూరీ ఒక కేమ్రీ ప్రమాదంలో కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కేసులో సాక్ష్యం చెప్పిన నిపుణుడు ఇంజన్ కంట్రోల్ కోడులో వేలాది గ్లోబల్ వేరియబుల్స్ ఉన్నాయన్నాడు. ఆ వాక్యం చదివి నేను ఇబ్బందిగా కదిలాను. అలాంటి కోడు నేనూ రాశాను, దాని మీద ఎవరి ప్రాణమూ ఆధారపడి లేదు, అంతే తేడా. 2014లో, పెడళ్ళ లోపాల గురించి వినియోగదారులని తప్పుదోవ పట్టించామని ఒప్పుకుని, టొయోటా 120 కోట్ల డాలర్లు కట్టింది. లోపం ఉండటం కన్నా, తెలిసీ లైను ఆపకపోవడం పెద్ద తప్పయింది.

అక్కడితో అయిపోలేదు. 2023 డిసెంబరులో, టొయోటా గ్రూపులోని దైహత్సు 64 మోడళ్ళ భద్రతా పరీక్షల్లో అవకతవకలు చేసిందని బయటపడింది. గడువులు బిగించి, కుదరదని చెప్పలేని వాతావరణం తెచ్చారని విచారణ కమిటీ రాసింది. మరుసటి నెల, 2024 జనవరిలో, ఇంకో గ్రూపు కంపెనీ వంతు. డీజిల్ ఇంజన్ల శక్తి కొలిచేటప్పుడు, అమ్మే బండిలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా, అంకెలు నున్నగా వచ్చే వేరే సాఫ్ట్‌వేర్ పెట్టి కొలిచారు. ఆ ఇంజన్లే కావడంతో మన దేశంలోనూ ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ బళ్ళ డెలివరీ కొన్నాళ్ళు ఆపారు. ఆ కంపెనీ పేరు టొయోటా ఇండస్ట్రీస్. 1926లో సకిచి మగ్గాల కోసం పెట్టిన కంపెనీ అదే.

దీన్ని కపటం అని కొట్టిపారేయడం తేలికే. నాకలా అనిపించదు. టొయోటా ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ కార్లు అమ్మే కంపెనీ, వాటిలో చాలావాటికి ఆ పేరు తగినదే. కానీ మంచి పేరుకి ఒక గుణం ఉంది. అది లేనివాడికి తప్పు ఒప్పుకోవడంలో పోయేదేమీ లేదు. 1935లో ట్రక్కు వెనకాల స్పానర్లు పట్టుకుని తిరిగినవాళ్ళకి దాచుకోవడానికేముంది? ఆగదు అన్న పేరు వచ్చాక మాత్రం, ఆపే చెయ్యి ముందుగా ఆ పేరుతోనే పోట్లాడాలి.

కొన్నేళ్ళ క్రితం, రిలీజుకి రెండు రోజుల ముందు, మా టీములో కొత్తగా చేరిన టెస్టర్ ఒకమ్మాయి నా దగ్గరకొచ్చింది. ఒకే ఆర్డరుకి రెండుసార్లు డబ్బు కట్టయినట్టు లాగ్‌లో చూపించింది. మళ్ళీ చేసి చూస్తే రాలేదు. మళ్ళీ రావట్లేదు, తర్వాతి స్ప్రింటులో చూద్దాం అని రాసి, ఆ కార్డుని నేనే పక్కకి జరిపాను. ఆమె, సరే అన్నా, అని వెళ్ళిపోయింది. రిలీజయిన మూడో రోజు నుంచి ఫిర్యాదులు వచ్చాయి. డబ్బు తిరిగిచ్చాం, కోడు సరిచేశాం, కారణాల నివేదిక రాశాం. ఆ నివేదికలో ఆమె ముందే చెప్పిందన్న వాక్యం నేను రాయలేదు. ఆ తర్వాత ఆమె నా దగ్గరకి అలాంటి సందేహంతో మళ్ళీ రాలేదు.

బోర్డు టొయోటా నుంచి తెచ్చుకున్నాం. తాడు అక్కడే వదిలేసి వచ్చాం. బోర్డు కొనుక్కోవచ్చు, నెలకి ఇంతని కట్టి. తాడుకి కావాల్సింది, కొత్తగా చేరిన మనిషి లాగినప్పుడు సీనియర్ పరిగెత్తుకు రావడం, వచ్చి ఏమైందని అడగడం. ఆ రోజు ఆమె లాగింది. దీపం వెలిగింది. ఆర్పింది నేను.