దూడ వాటా పాలు

పొద్దున్నే పాలు రావడం కాస్త ఆలస్యమైతే మనకి కాళ్ళూ చేతులూ ఆడవు కదూ! మరి దొడ్లో ఆవులుండీ పాలు పితకని ఇల్లాళ్ళున్నారంటే నమ్ముతారా?

అరకు లోయ నుంచి శ్రీకాకుళం కొండలదాకా గదబలు, సవరలు వంటి గిరిజనులు చాలాకాలం అలాగే బతికారు. ఆవుపాలు దూడవి, మనిషివి కావు అని వాళ్ళ లెక్క. పశువన్నది దుక్కికి, ఎరువుకి, మాంసానికి, పెద్దల పేర చేసే క్రతువులకి. చనిపోయినవారి కోసం దున్నల్ని బలిచ్చి రాళ్ళు నిలిపే గదబల, బోండోల ఆచారాన్ని గురించి 1943లో హైమెండార్ఫ్ అనే పండితుడు వివరంగా రాశారు. ఆ ఇళ్ళ కలిమిని చెప్పేది పాలచెంబు కాదు, పశువుల మంద.

"అయ్యో, తెలియనితనం!" అనుకోకండి. కొండ ఆవు చిన్నది. దూడ కుడిస్తేగాని చేపదు. ఇచ్చే కాసిని పాలూ మనం పిండుకుంటే దూడ ఎండిపోతుంది. దూడ పోతే రేపు నాగలి లాగేదెవరు?

మరి పిల్లలకి బలమో? రాగి అంబలి ఉందిగా! 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే, అన్నే ఆవుపాలలో సుమారు 120. అంబలి కాచేసరికి పలచబడుతుందనుకోండి, అయినా తీసిపారేసే తిండి కాదు.

1970లో క్షీరవిప్లవం మొదలయ్యాక దేశమంతా పశువుని లీటర్లతో కొలవడం నేర్చింది. కొండ ఇల్లాలికి పాడి ఆవునిచ్చే ముందు ఆమె లెక్కేమిటో కూడా అడగాలి కదా! చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, తల్లి ముందు నిలబెట్టి పాలు పితికిన వాళ్ళం మనం. ఈసారి పాలు పోసేవాళ్ళని అడిగి చూడండి, దూడకెంత వదిలారని.