చెన్నపురి తెలుగువారి కూరగాయలు

ఒక జాతి చరిత్రను శిలాశాసనములలోను, రాజుల వంశావళులలోను, కవుల కావ్యములలోను వెదకుట పరిపాటి. అది ఉచితమే. కాని దినదినము మన ఇండ్లలో పొయ్యి మీది కెక్కు కూరకు గూడ చరిత్ర గలదు. అది ఏ దేశమునుండి వచ్చినది, మనవారు దాని కేమి పేరు పెట్టిరి, ఏ దినమున తినిరి, ఏ దినమున మానిరి అని విచారించినచో పూర్వుల జీవన విధానము, వారి ఆరోగ్య రహస్యము కొంత తెలియగలదు. తరతరములుగా చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ విచారణ మరింత అవసరమని నా అభిప్రాయము. ఏలనన, మన పిల్లలలో పలువురు తెలుగు చదువలేకున్నను, వారి నోట నింకను నిలిచియున్న తెలుగు మాటలలో అధికభాగము వంటింటి మాటలే.

మన చింతాద్రిపేట పుట్టుక చాలమంది ఎరిగినదే యైనను సంగ్రహముగ చెప్పెదను. 1734వ సంవత్సరమున జార్జి మార్టన్ పిట్ గవర్నరుగా నున్నపుడు, కూవము నది వంపులో, కంపెనీ వర్తకుడైన సుంకురాముని తోట యున్న స్థలమున, నేతపనివారి కొరకు ఈ పేట వెలసెను. చిన్న మగ్గముల ఊరు అను అర్థముగల చిన్నతరిపేట యను తమిళనామమే క్రమముగ చింతాద్రిపేట యైనదని చెప్పుదురు. నూలు వడకువారు, నేయువారు, అద్దకపు పనివారు ఇచ్చటికి వచ్చి కాపురముండిరి. ఆదికేశవ పెరుమాళ్, ఆదిపురీశ్వరుల జంట ఆలయములు నేటికిని ఆ పాతపేటను గుర్తుకు తెచ్చుచున్నవి. తోట పోయి పేట వెలసిన చోట కూరగాయలకు అంగడియే గతి.

ఆ అంగళ్లలో మిక్కిలి పెద్దది జార్జిటౌనులోని కొత్వాలు చావడి. అంగడిపై అధికారముగల కొత్వాలు పేరు దానికి నిలిచినది. ఆ స్థలము శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమునకు చెందినది. ఇంత మహానగరమునకు కూరగాయలు పంచిపెట్టిన సంత తెలుగు వైశ్యుల దేవస్థానపు భూమిలో నుండెనని మన పిల్లలకు చెప్పవలెను. నా బాల్యమునను, ఉద్యోగపు తొలి దినములలోను నేనా సంతకు పోవుచుండెడివాడను. తెల్లవారకముందే బండ్లు, తట్టలు, కేకలు. కాలి క్రింద నలిగిన ఆకుల బురద. బేరము సగము తమిళమున, సగము తెలుగున. 1996లో అచ్చటి టోకు వ్యాపారము కోయంబేడునందలి 295 ఎకరముల క్రొత్త సంతకు తరలింపబడెను. నేడు మదనపల్లి, పలమనేరు ప్రాంతముల టమాటాలును, నీలగిరుల కోసుకూరయు అచ్చటికే వచ్చుచున్నవి.

ఈ నగరపు వర్తకులు కూరగాయలను రెండు తెగలుగా విభజింతురు: నాటుకాయలు, ఇంగ్లీషు కాయలు. వంకాయ, దోస, కాకర, చిక్కుడు, మునగ, కంద, చేమ, అరటి, బూడిదగుమ్మడి మొదలగునవి మొదటి తెగ. ఇవి అతిప్రాచీన కాలమునుండి ఈ దేశమున నున్నవి. కోసుకూర, కోసుపువ్వు, బీటురూటు, బీన్సు, క్యారెట్టు రెండవ తెగ. కోయంబత్తూరు కలెక్టరైన జాన్ సల్లివన్ 1819లో నీలగిరులకు పోయిన పిమ్మట, ఆ చల్లని కొండలపై ఐరోపా కూరగాయల సేద్యము మొదలయ్యెను. 1848లో మెకైవర్ అను తోటపని నిపుణుడు వచ్చి తీర్చిదిద్దిన ఉదకమండలపు ప్రసిద్ధోద్యానము సైతము, అంతకు కొలది సంవత్సరములకు పూర్వము, దొరల కుటుంబములకు చవుకగా కూరగాయలు సమకూర్చు తోటగా పుట్టినదే. ఆ కొండలనుండి దిగివచ్చిన కాయలకు ఇంగ్లీషు కాయలను పేరు స్థిరపడినది.

మనవారు పెట్టిన పేళ్లను పరిశీలించిన వింతగా నుండును. బంగాళాదుంప వచ్చిన త్రోవను దాని పేరే చెప్పుచున్నది. దానినే రాయలసీమవారు ఉర్లగడ్డ యందురు; అది తమిళుల ఉరుళైక్కిళంగునకు చుట్టము. పరదేశపు వస్తువునకు సీమ యను మాట చేర్చుట మన అలవాటు గనుక చౌచౌ మనకు సీమవంకాయ యైనది. టమాటాను కొన్ని ప్రాంతములవారు రామములగ యనిరి. ఆంధ్రుల భోజనమునకు గుర్తుగా లోకమెల్ల చెప్పుకొను మిరపకాయ సైతము అమెరికా ఖండమున పుట్టినదే. 1498లో పోర్చుగీసువారు మన సముద్రతీరమునకు వచ్చిన పిదపనే అది ఈ దేశమున ప్రవేశించినది. అంతకుముందు కారమునకు ఆధారము మిరియమే. ఆ మిరియమునుండియే క్రొత్తకాయకు మిరపకాయ యను పేరు కలిగినది. మన పూర్వులు క్రొత్తదానిని త్రోసివేయలేదు. తమ మాటతో దానికి పేరు పెట్టి తమ ఇంటిదానిగ చేసికొనిరి.

అట్లని పాతదానిని విడువలేదు. అందుకు నిదర్శనము ఆబ్దికపు వంట. ఇంటింటి ఆచారమును బట్టి భేదములున్నను, ఆనాడు కోసుకూర, బంగాళాదుంప, టమాటా మొదలగునవి సామాన్యముగ పనికిరావు. అరటి, కాకర, పొట్ల, కంద, చేమ మొదలగు వానికే ప్రవేశము. నేను ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా రిజిస్టర్లు వ్రాసినవాడను. నా దృష్టికి ఆబ్దికపు వంట మన కూరగాయల పాత రిజిస్టరువలె తోచును. ఏటేట ఒకమారు తెరచి చూచుటచేత అందలి పేళ్లు చెరిగిపోలేదు. ఆచారములో దాగిన ప్రయోజనమిది.

ఇక ఆరోగ్య విషయము. తెలుగుదేశమున అన్నమునకు కొరత లేని తావులందు సైతము జనులు జబ్బుపడుట కలదు. ఉత్తర సర్కారులలో బెరిబెరి యను వ్యాధి చిరకాలము ప్రబలియుండెను. కాళ్లు తిమ్మిరి పట్టి, నీరు దిగి, తుదకు గుండె బలహీనపడు ఆ వ్యాధిని గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లో మన చెన్నపట్టణముననే ఒక గ్రంథము ప్రకటించెను. దాని కారణము అప్పుడు తెలియదు. తవుడంతయు పోవునట్లు తెల్లగా పట్టిన బియ్యములో బి1 విటమిను నశించుటయే మూలమని పిదప తేలినది. సర్కారులలో పచ్చిబియ్యపు వాడుక ఎక్కువ. వడ్లను ముందుగా ఉడికించి ఎండబెట్టి పట్టిన ఉప్పుడు బియ్యములోనికి తవుటి సారము కొంత దిగి నిలుచును. తమిళదేశమున ఆ వాడుక ఎక్కువగుటచేత వారికి ఆ బాధ తగ్గినది. ఇరుగుపొరుగువారి వంటనుండి నేర్చుకొనదగిన దిట్లు చాల గలదు.

ఈ బెరిబెరి విచారణకే 1918లో మెక్‌కారిసన్ అను వైద్యుడు కూనూరులో ఒక చిన్న గదిలో పరిశోధన ప్రారంభించెను. ఆయన ఎలుకలను జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క ప్రాంతపు జనుల భోజనము పెట్టి తూచి చూచెను. దంపుడు గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు గల సిక్కుల భోజనము తిన్నవి అన్నిటికంటె పుష్టిగా పెరిగెను. తెల్లని అన్నమే ప్రధానమైన మద్రాసీ భోజనము తిన్నవి అన్నిటికంటె వెనుకబడెను. ఈ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. కంచమునిండ అన్నము, కొసకు ఊరగాయ బద్ద, ఇదియే భోజనమనుకొను వారందరు ఆ ఎలుకల కథను జ్ఞప్తియం దుంచుకొనవలెను.

ఆకుకూరల మహిమను తెలుపు కథ మన పొరుగుననే యున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కూవమున కావలి తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలోను, మద్రాసు వైద్య కళాశాలలోను విద్య నభ్యసించిరి. తిన్న అన్నము వంటబట్టక రక్తహీనమై క్షీణింపజేయు స్ప్రూ వ్యాధి వారి సోదరులను హరించినది. వారు 1923లో అమెరికా కేగిరి. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలోని పేద గర్భిణీస్త్రీల రక్తహీనతకు ఈస్టు సారము మందగునని కనుగొనెను. ఆ సారములోని పదార్థమునే 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల స్పినాచ్ ఆకుకూర నుండి తీసి, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. 1945లో దానిని కృత్రిమముగ తయారుచేసిన లెడర్లీ సంస్థ శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకులు మన సుబ్బారావుగారే. స్ప్రూ వ్యాధికి సైతము అది మందైనది. నేడు గర్భిణీస్త్రీలకు వైద్యులు తప్పక వ్రాయు చిన్నమాత్ర వెనుక ఇంత కథ గలదు. మూలమున నున్నది ఆకుకూర.

మన పాతవంట పద్ధతులను ఈ వెలుగులో చూడవలెను. తోటకూర, బచ్చలి, గోంగూర, చుక్కకూర, పొన్నగంటి, మెంతికూర, గంగపాయలకూర, మునగాకు, అవిసెయాకు, చింతచిగురు: ఇన్ని ఆకులు మన వంటకు పరిచితములు. ఆకును పప్పుతో కలిపి ఉడికించి, ఆ నీరు పారబోయక అందే ఇగిర్చుటచేత నీట కరగు సారము పోదు. పోపులోని నూనెయు, అన్నములోని నేయియు ఆకులలోని కెరోటినును దేహము గ్రహించుటకు తోడ్పడును; అది కొరవడిననే రేచీకటి. పైన పిండిన నిమ్మకాయ ఆకులోని ఇనుమును రక్తమునకు అందించును. పులుసులో ముక్కతోపాటు అది ఉడికిన నీరును కడుపున పడును. మన అవ్వలకు విటమినుల పేళ్లు తెలియవు, పని తెలియును.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము ఒక మనుష్యునకు దినమునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావలెను. ధాన్యము 250 గ్రాములు చాలును. అనగా కంచములో సగము కూరయు పండును ఉండవలెను. ఇప్పుడు మన ఇండ్లలో నేమి జరుగుచున్నదో చూతము. వారమంతయు బంగాళాదుంప, బీన్సు, క్యారెట్టు, టమాటా, ఉల్లి తిరిగి తిరిగి వచ్చుచున్నవి. ఆకుకూర శుభ్రము చేయుటకు తీరిక లేదందురు. మధుమేహము లేని ఇల్లు అరుదు.

దీనికి తీరిక లేమి యొక్కటే కారణము కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు మన పెద్దలు ఈ నగరముననే నిలిచిరి. 2006 నాటి చట్టముచే పాఠశాలలలో తమిళము అవశ్యపఠనీయమైన పిదప తెలుగు నేర్చు పిల్లల సంఖ్య తగ్గినది. తమిళము నేర్చుట మంచిదే. అది మన ఊరి భాష. బెండకు వెండై, బీరకు పీర్కు, పొట్లకు పుడలై, మునగకు మురుంగై అక్కచెల్లెండ్లే గదా! కాని రెండు భాషలలో ఏ పేరును తెలియని పిల్లవాడు బజారున తనకు తెలిసిన నాలుగు కాయలనే ఏరుకొనును. పేరెరుగని కూరను ఎవరును అడుగరు. అడుగని కూరను వర్తకుడు తేడు. తేని కూర వంటింటినుండి పోవును. గంగపాయలకూర, పొన్నగంటి మన వీధులలో అరుదగుటకు కారణ మిదియే. మాట పోయిన వెనుక ఆరోగ్యమును పోవుచున్నది.

కావున ప్రతి ఇంట పెద్దవారు తమకు తెలిసిన కూరగాయల, ఆకుకూరల పేళ్లు, వానిని వండు విధము, ఏ పండుగకు ఏ కూర యను వివరము ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచవలెను. తెలుగు లిపి రాని మనుమలచేత చదివించి వినిపింపవలెను. వారమున కొకనాడు పిల్లలను అంగడికి తోడ్కొనిపోయి, అంతకుముందు ఇంట వండని కాయ నొకదానిని కొనిపింపవలెను. మన సంఘములు వార్షికోత్సవపు విందులో మూడు ఆకుకూరలైన వడ్డించి, వాని పేళ్లు విస్తరి యెదుట చెప్పించుట బాగుగ నుండును. ఖర్చు స్వల్పము, పిల్లలు ఆ పూట తిన్నదాని పేరు మరువరు.